కెమెరా ఆధారిత డ్రైవర్ సహాయ వ్యవస్థకు వాహనంలో డేటా నెట్‌వర్క్ ఎలా నిర్మించాలి

వాహనం గంటకు 100 కిలోమీటర్ల వేగంతో పోతుంటే సెకనుకు 27.8 మీటర్లు దాటుతుంది. కెమెరా తీసిన చిత్రం బ్రేకు వేయాలన్న నిర్ణయంగా మారడానికి 100 మిల్లీసెకన్లు పట్టిందనుకోండి. నిర్ణయం వెలువడేసరికి వాహనం ఆ చిత్రం తీసిన చోటు నుంచి దాదాపు 2.8 మీటర్లు ముందుకు వచ్చేసి ఉంటుంది. రోడ్డు దాటుతున్న మనిషి చిత్రంలో ఒక దూరంలో ఉంటాడు, నిజానికి మరో దూరంలో ఉంటాడు.

ఈ పనిలోకి కొత్తగా వచ్చిన ఇంజినీర్లు మొదట అడిగేది ఎన్ని గిగాబిట్ల లింకు కావాలని. అంతకంటే ముందు అడగాల్సిన ప్రశ్న వేరే ఉందని నా గట్టి అభిప్రాయం. నిర్ణయం తీసుకునే చోటికి చేరేసరికి చిత్రం వయసు ఎంత ఉండొచ్చు? ఆ వయసు మనకు కచ్చితంగా తెలుస్తుందా? ఈ రెండింటికీ జవాబు దొరికితే లింకు, కేబుల్, స్విచ్, ప్రొటోకాల్ ఏవి కావాలో చాలావరకు వాటంతట అవే తేలిపోతాయి. కింద చెప్పిన అడుగులన్నీ ఈ లెక్క చుట్టూనే తిరుగుతాయి. మీకు క్యాన్ బస్సు (వాహనంలోని యూనిట్లు సందేశాలు పంచుకునే ఉమ్మడి తీగ), ఈథర్నెట్ గురించి ప్రాథమిక పరిచయం ఉందనుకుని రాస్తున్నాను.

1. ఏ కెమెరా ఎవరి కోసం చూస్తోందో రాసుకోండి

ముందుగా ఒక పట్టిక గీయండి. వాహనంలోని ప్రతి కెమెరాకు ఒక వరుస. ముందు అద్దం వెనుక ఉండేది, చుట్టూ చూపించే నాలుగు ఫిష్‌ఐ కెమెరాలు, వెనుక కెమెరా, డ్రైవర్ కళ్లను గమనించే ఇన్‌ఫ్రారెడ్ కెమెరా, పక్క అద్దాల స్థానంలో వచ్చినవి. ఒక్కోదాని ఎదురుగా దాని చిత్రాన్ని యంత్రం చూస్తుందా, మనిషి చూస్తాడా, ఇద్దరూ చూస్తారా అన్నది రాయండి.

ఈ విభజన మీదే మిగతా నిర్ణయాలు నిలబడతాయి. మనిషి తెర మీద చూసే చిత్రాన్ని కుదించి పంపినా కంటికి పెద్ద తేడా తెలియదు. యంత్రం చూసే చిత్రాన్ని కుదిస్తే మాత్రం దూరంలోని సన్నని అంచులు, చీకట్లోని మసక ఆకారాలు మొదట పోతాయి. చిత్రంలోని వస్తువులను గుర్తించే న్యూరల్ నెట్‌వర్కుకు (గుర్తింపు నెట్‌వర్కు) కుదించిన చిత్రాలతోనే శిక్షణ ఇచ్చి, వాటితోనే పరీక్షించి ఉంటే తప్ప ఆ దారి పట్టకండి.

నిబంధనలు పెట్టిన హద్దులు కూడా ఈ పట్టికలోనే చేర్చండి. అమెరికాలో ఎఫ్ఎంవీఎస్ఎస్ 111 నిబంధన ప్రకారం రివర్స్ గేరు వేసిన 2 సెకన్లలోపు వెనుక దృశ్యం తెర మీదికి రావాలి. పక్క అద్దాలకు బదులు కెమెరా, తెర వాడే వ్యవస్థలకు ఐక్యరాజ్యసమితి నిబంధన ఆర్46 వర్తించే చోట్ల, దృశ్యం జరిగిన క్షణానికీ తెర మీద కనిపించే క్షణానికీ మధ్య ఆలస్యం 200 మిల్లీసెకన్లలోపు ఉండాలి. మొదటిది వ్యవస్థ ఎంత త్వరగా మేలుకోవాలో చెబుతుంది. రెండోది మేలుకున్నాక ఎంత తాజాగా చూపించాలో చెబుతుంది. ఈ రెండు హద్దులనూ ఒకే గడిలో కలిపి రాయకండి.

2. చిత్రం వయసుకు బడ్జెట్ వేయండి

ఎక్కువ సమయం ఇక్కడే పెట్టండి. లెన్సులోకి వెలుతురు వచ్చిన క్షణం నుంచి బ్రేకు యూనిట్‌కు ఆదేశం అందే క్షణం వరకు ఉన్న దశలన్నీ వరుసగా రాయండి. ఎక్స్‌పోజర్, సెన్సార్ నుంచి వరుసల వారీగా రీడౌట్, సీరియల్ లింకు, చిత్రాన్ని సరిదిద్దే ఐఎస్‌పీ, గుర్తింపు నెట్‌వర్కు, వస్తువుల ట్రాకింగ్, నిర్ణయం, బస్సు మీద సందేశం, బ్రేకు యూనిట్ ఆ సందేశాన్ని చదవడం.

ప్రతి దశకూ రెండు అంకెలు ఉంటాయి. ఒకటి ఆ పని చేయడానికి పట్టే కాలం. రెండోది ఆ పని మొదలవడానికి ముందు ఎదురుచూసే కాలం. రెండోదాన్ని చాలామంది లెక్కలోకి తీసుకోరు. అసలు ఆలస్యం కూర్చునేది దానిలోనే. సెకనుకు 30 ఫ్రేములు తీసే కెమెరాలో ఫ్రేముకు ఫ్రేముకు మధ్య 33.3 మిల్లీసెకన్లు. ఒక ఫ్రేము ఎక్స్‌పోజర్ ముగిసిన మరుక్షణం పిల్లవాడు రోడ్డు మీదికి వస్తే, అతను మొదటిసారి చిత్రంలోకి చేరడానికే దాదాపు ఆ మొత్తం కాలం పోతుంది. తర్వాత గుర్తింపు పని సొంత గడియారంతో 40 మిల్లీసెకన్లకోసారి నడుస్తుంటే, సిద్ధంగా ఉన్న ఫ్రేము మెమరీలో 40 మిల్లీసెకన్ల దాకా కూర్చోవచ్చు. ఆపైన బస్సు సందేశం 20 మిల్లీసెకన్లకోసారి పోతుంటే ఇంకో 20. ఎవరూ నెమ్మదిగా పని చేయలేదు, అయినా ఎదురుచూపులకే 90 మిల్లీసెకన్లకు పైగా పోయింది.

సీరియల్ లింకు మీద ఒక పిక్సెల్ అటు నుంచి ఇటు రావడానికి పట్టేది మైక్రోసెకన్లే. అందుకే లింకు వేగం రెట్టింపు చేసినంత మాత్రాన చిత్రం వయసు తగ్గదు. దశలను ఒకదానితో ఒకటి జత చేస్తే తగ్గుతుంది. ఫ్రేము రాగానే గుర్తింపు మొదలవ్వాలి, గుర్తింపు అవ్వగానే సందేశం పోవాలి. కుదిరిన ప్రతిచోటా సొంత గడియారంతో నడిచే పనిని డేటా రాకతో నడిచే పనిగా మార్చండి.

బడ్జెట్‌లో సగటు విలువలు రాయకండి, అతి చెడ్డ సందర్భం విలువలే రాయండి. దశల సగటులు కూడితే అందమైన అంకె వస్తుంది. అత్యవసర బ్రేకింగ్ అవసరపడే క్షణం మాత్రం సగటు రోజు చూసుకుని రాదు.

3. డేటాను లెక్కకట్టండి

సూత్రం తేలికే. వెడల్పు, ఎత్తు, పిక్సెల్‌కు బిట్లు, సెకనుకు ఫ్రేములు, ఈ నాలుగింటినీ గుణించండి. 1920 × 1080 పరిమాణంలో 12 బిట్ల ముడి చిత్రం, సెకనుకు 30 ఫ్రేములంటే దాదాపు 746 మెగాబిట్లు. 3840 × 2160, అంటే 8 మెగాపిక్సెల్ కెమెరా అయితే అదే లెక్కన 2.99 గిగాబిట్లు. దీనికి వరుసల మధ్య, ఫ్రేముల మధ్య ఉండే ఖాళీ కాలాన్నీ, ప్యాకెట్ హెడర్లనూ, లింకు ఎన్‌కోడింగ్ భారాన్నీ కలపాలి. కాబట్టి చిప్ పత్రంలో మొదటి పేజీలో కనిపించే వేగాన్ని కాక, లోపల పేలోడ్‌కు (అసలు డేటాకు) మిగిలే వేగాన్ని వెతికి దానితో పోల్చండి.

ఇక్కడొక ఉచ్చు ఉంది. నాలుగు కెమెరాలను ఒకే డీసీరియలైజర్‌కు (కేబుల్ మీద వచ్చిన డేటాను తిరిగి విడదీసే చిప్పుకు) కలిపి, అక్కడి నుంచి మిపీ సీఎస్ఐ-2 అనే కెమెరా పోర్టు ద్వారా ప్రాసెసర్‌కు ఇవ్వడం మామూలు పద్ధతి. ఒక్కో కేబుల్ ఒక్కో కెమెరాను హాయిగా మోస్తుంది. కానీ ఆ పోర్టు వాడే డీ-ఫై 1.2 ప్రమాణం ప్రకారం లేనుకు (ఒక్కో జత తీగకు) 2.5 గిగాబిట్ల చొప్పున నాలుగు లేన్ల పోర్టు మోసేది 10 గిగాబిట్లే. నాలుగు 8 మెగాపిక్సెల్ కెమెరాలు కలిస్తే, ఏ అదనపు భారం లేకుండానే, దాదాపు 11.9 గిగాబిట్లు. పట్టదు. కేబుళ్ల లెక్క సరిపోయిందని సంతోషించి బోర్డు వేయించాక ఇది బయటపడితే బోర్డు మళ్లీ వేయించాల్సిందే. అందుకని లెక్కను కేబుల్ దగ్గర ఆపకండి. ప్రాసెసర్ మెమరీ దాకా తీసుకెళ్లండి. ముడి చిత్రం రాయడం, ఐఎస్‌పీ చదవడం, మళ్లీ రాయడం, గుర్తింపు చదవడం, ఇలా ఒకే ఫ్రేము మెమరీ బస్సు మీద మూడు నాలుగు సార్లు ప్రయాణిస్తుంది.

4. దారి ఎంచుకోండి

మూడు రకాల దారులున్నాయి, ఒకే వాహనంలో మూడూ కలిసి ఉండొచ్చు.

మొదటిది సెర్డెస్ లింకు. కెమెరాలో సీరియలైజర్, కంప్యూటర్ దగ్గర డీసీరియలైజర్, మధ్యలో ఒక కోయాక్స్ కేబుల్ లేదా మెలిపెట్టిన జత తీగ. ఎఫ్‌పీడీ-లింక్, జీఎంఎస్ఎల్ చాలాకాలంగా వాడుకలో ఉన్నవి. మిపీ సంస్థ 2020లో ఏ-ఫై ప్రమాణం తెచ్చింది. 15 మీటర్ల దాకా, 16 గిగాబిట్ల వరకు మోసేలా దాన్ని రూపొందించారు. తర్వాత అది ఐఈఈఈ 2977గా కూడా వెలువడింది. యంత్రం చూసే ముడి చిత్రాలకు ఇదే సరైన దారి. ఆలస్యం తక్కువ, అంతకంటే ముఖ్యంగా ఆ ఆలస్యం మారదు.

రెండోది ఈథర్నెట్. 2013లో బీఎండబ్ల్యూ ఎక్స్5 చుట్టూ చూపించే కెమెరాలకు ఒకే జత తీగ మీద నడిచే బ్రాడ్ఆర్-రీచ్ ఈథర్నెట్ వాడింది. ఆ సాంకేతికతే 2015లో 100బేస్-టీ1 పేరుతో ఐఈఈఈ ప్రమాణమైంది. మరుసటి ఏడాది 1000బేస్-టీ1, 2020లో 2.5, 5, 10 గిగాబిట్ల రకాలు వచ్చాయి. 100 మెగాబిట్ల లింకు మీద ముడి చిత్రం పట్టదు కాబట్టి కెమెరాలోనే కుదించాలి. ఒకే చిత్రం ఇద్దరు ముగ్గురు కంప్యూటర్లకు కావాలన్నప్పుడు, మనిషి చూసే కెమెరాలకు, వాహనం నాలుగు మూలల ఉండే జోనల్ కంట్రోలర్లను (తమ మూలలోని పరికరాలను చూసుకునే యూనిట్లను) కలపడానికి ఈథర్నెట్ బాగా నప్పుతుంది.

మూడోది క్యాన్ కుటుంబం. చిత్రం దీని మీద పోదు, చిత్రంలో కనిపించినవి పోతాయి. కెమెరాలోనే ప్రాసెసర్ ఉంటే బయటికి పంపేది వస్తువుల జాబితా ఒక్కటే. అది చిన్నదని అందరూ అనుకుంటారు. లెక్క వేసి చూద్దాం. 32 వస్తువులు, ఒక్కోదానికి 40 బైట్లు, సెకనుకు 25 సార్లు. 8 బైట్ల పాత క్యాన్ ఫ్రేముల్లో (ఇక్కడ ఫ్రేమంటే ఒక సందేశం) ఇది సెకనుకు 4,000 ఫ్రేములు. 11 బిట్ల గుర్తింపు సంఖ్యతో ఒక్కో ఫ్రేము 111 బిట్లు, స్టఫ్ బిట్లు (లయ తప్పకుండా మధ్యలో చేర్చే అదనపు బిట్లు) పడితే 135 దాకా. అంటే 500 కిలోబిట్ల బస్సు మీద భారం 89 శాతం దగ్గర మొదలై 100 దాటిపోతుంది. ఇంకెవరికీ చోటుండదు. అదే జాబితాను 64 బైట్ల క్యాన్ ఎఫ్‌డీ ఫ్రేముల్లో పెట్టి డేటా భాగాన్ని 2 మెగాబిట్లతో పంపితే సెకనుకు 500 ఫ్రేములు, ఒక్కోటి సుమారు 350 మైక్రోసెకన్లు, మొత్తం భారం 18 శాతం లోపు. ఇది నడుస్తుంది. వస్తువుల సంఖ్య పెరిగేకొద్దీ, ఆకారాలు, లేన్ గీతల వంపులు కూడా చేరేకొద్దీ ఈథర్నెట్ వైపు జరగాల్సి వస్తుంది.

5. కేబుల్, కరెంటు, అడ్రసులు

కోయాక్స్ అయితే 50 ఓమ్‌లు, షీల్డు ఉన్న మెలి జత అయితే 100 ఓమ్‌లు. ఈ ఇంపిడెన్సు (సిగ్నల్‌కు తీగ చూపే నిరోధం) మధ్యలో ఎక్కడ మారినా సిగ్నల్‌లో కొంత వెనక్కి తిరుగుతుంది. ప్రతి మధ్య కనెక్టరూ అలాంటి ఒక చోటే. కాబట్టి కేబుల్ పొడవుతో పాటు కనెక్టర్ల సంఖ్యనూ నష్టం బడ్జెట్‌లో రాయండి. వెనుక డిక్కీ తలుపు, పక్క తలుపుల గుండా పోయే కేబుల్ ప్రతిసారీ వంగుతుంది. దాన్ని కొత్త కేబుల్ నష్టంతో లెక్కించడం తప్పు. వేలసార్లు వంగి, వేడికి పాతబడిన కేబుల్ నష్టం తీసుకోండి.

కోయాక్స్ మీద ఒకే తీగలో మూడు ప్రయాణిస్తాయి. చిత్రం ముందుకు, ఆదేశాలు వెనక్కి, కెమెరాకు కరెంటు. కరెంటును డేటా నుంచి విడదీసేది ఇండక్టర్ల ఫిల్టర్. వెనక్కి వచ్చే చానెల్ కొన్ని మెగాహెర్ట్జ్‌ల దగ్గర, ముందుకు పోయేది గిగాహెర్ట్జ్‌ల దగ్గర ఉంటుంది కాబట్టి, అంత వెడల్పు అంతటా అడ్డుగా నిలబడే ఇండక్టర్ ఒక్కటి దొరకదు. పెద్ద ఇండక్టరు, చిన్నది, ఫెరైట్ బీడు వరుసగా పెట్టాలి. వీటిని కరెంటు లేకుండా కొలిచి ఎంచుకోవద్దు. కెమెరా పూర్తి కరెంటు తీసుకుంటున్నప్పుడు, అధిక ఉష్ణోగ్రతలో, ఇండక్టెన్సు ఎంత మిగులుతుందో చూడండి. రాత్రివేళ ఇన్‌ఫ్రారెడ్ దీపం వెలిగినప్పుడు మాత్రమే ఫ్రేములు చెడిపోతున్నాయంటే ముందుగా అనుమానించాల్సింది ఇదే.

కరెంటును ఎక్కువ వోల్టేజీతో పంపండి. 1.5 వాట్ల కెమెరాకు 5 వోల్టుల వద్ద 300 మిల్లీయాంపులు కావాలి, 10 వోల్టుల వద్ద 150 చాలు. కరెంటు సగమైతే తీగలో వేడిగా పోయేది నాలుగో వంతుకు తగ్గుతుంది, ఇండక్టర్లకూ ఊపిరాడుతుంది.

అడ్రసుల సంగతి చిన్నదే గానీ తొలి రోజే ఎదురవుతుంది. ఒకే రకం కెమెరాలు నాలుగు కలిపితే నాలుగింటి సెన్సార్లకూ ఒకటే ఐ2సీ (చిప్పులకు ఆదేశాలు పంపే చిన్న బస్సు) అడ్రసు ఉంటుంది. డీసీరియలైజర్‌లో ఒక్కో పోర్టుకు వేరే మారు అడ్రసు కేటాయించి, ఆ పట్టికను సాఫ్ట్‌వేర్ బృందంతో కలిసి ఒకే చోట రాసిపెట్టుకోండి.

6. అందరి గడియారాలనూ కలపండి

చిత్రం వయసు తక్కువగా ఉంటేనే సరిపోదు, అది ఎంతో తెలియాలి. 60 మిల్లీసెకన్ల వయసున్న చిత్రమైనా, ఆ సంగతి కచ్చితంగా తెలిస్తే ట్రాకింగ్ సాఫ్ట్‌వేర్ దాన్ని సరిదిద్దుకోగలదు. 40 అనుకున్నది ఒక్కోసారి 50 అవుతుంటే సరిదిద్దలేదు. 100 కిలోమీటర్ల వేగంలో 10 మిల్లీసెకన్ల పొరపాటంటే 28 సెంటీమీటర్లు. వాహనం సెకనుకు 30 డిగ్రీల చొప్పున మలుపు తిరుగుతుంటే అదే 10 మిల్లీసెకన్లలో చూపు 0.3 డిగ్రీలు జరుగుతుంది. 50 మీటర్ల దూరంలో ఉన్న వస్తువు 26 సెంటీమీటర్లు పక్కకు పడుతుంది. అంత చాలు, పక్క లేనులోని వాహనం గీత మీద ఉన్నట్టు లెక్క తేలడానికి.

ఈథర్నెట్ మీద ఉన్న యూనిట్లన్నిటికీ గడియారాలు కలిపే ఐఈఈఈ 802.1ఏఎస్ ప్రమాణం ప్రకారం ఒకే గడియారం ఇవ్వండి. స్విచ్చులు, ఫై చిప్పులు (తీగ మీద సిగ్నల్ పంపి అందుకునేవి) హార్డ్‌వేర్‌లో సమయం ముద్రవేసేవిగా చూసుకోండి. ఈ గడియారం ఎప్పుడూ వెనక్కి దూకకూడదు. ఉపగ్రహం నుంచి వచ్చే రోజువారీ సమయాన్ని దీనితో కలపకండి, విడిగా ఉంచి రెండింటి మధ్య తేడా మాత్రం దాచుకోండి.

సెర్డెస్ మీద ఉన్న కెమెరాలకు ఈ గడియారం అందదు. వాటికి ఫ్రేమ్ సింక్ పల్సు పంపాలి. డీసీరియలైజర్ వెనక్కి వెళ్లే చానెల్ మీదుగా ఆ పల్సును అన్ని కెమెరాలకూ ఒకేసారి చేరవేస్తుంది. సమయం ముద్రను అప్లికేషన్ కోడులో వేయకండి. ఆపరేటింగ్ సిస్టమ్ ఎప్పుడు ఎవరికి వంతు ఇస్తుందో దాని మీద ఆధారపడి అది ఊగుతుంది. సీఎస్ఐ రిసీవర్ ఫ్రేము మొదలైందని గుర్తించిన క్షణాన్ని హార్డ్‌వేర్‌తో పట్టి, దాని నుంచి ఎక్స్‌పోజర్ మధ్య క్షణానికి వెనక్కి లెక్కించండి. చీకటి పడితే ఎక్స్‌పోజర్ పొడవు మారుతుంది, మధ్య క్షణమూ జరుగుతుంది. రోలింగ్ షట్టర్ సెన్సారైతే ఇంకో మెట్టు ఉంది. పై వరుసను, కింది వరుసను వేర్వేరు క్షణాల్లో చదువుతుంది కాబట్టి, వస్తువు ఏ వరుసల్లో కనిపించిందో చూసి ఆ వరుసల సమయమే వాడాలి.

7. ఈథర్నెట్ మీద ఎవరికి ఎప్పుడు దారి ఇవ్వాలో తేల్చండి

పూర్తి పరిమాణంలోని ఒక ఈథర్నెట్ ఫ్రేము (ఒక ప్యాకెట్), ముందు వచ్చే ప్రియాంబుల్ బిట్లు, మధ్య ఖాళీ కలుపుకుని 1,538 బైట్లు. 100 మెగాబిట్ల లింకు మీద అది 123 మైక్రోసెకన్లు, గిగాబిట్ మీద 12.3. ఎంత ప్రాధాన్యమున్న సందేశమైనా అప్పటికే బయలుదేరిన ఫ్రేము పూర్తయ్యేదాకా ఆగాలి. ఒక్కో స్విచ్ దగ్గరా ఇంత చొప్పున కూడి చూడండి. మీ బడ్జెట్‌లో ఇది ఇమిడిపోతే, వీల్యాన్ (ఒకే తీగ మీద విడివిడి నెట్‌వర్కులు నడిపే పద్ధతి) ట్యాగులోని ఎనిమిది ప్రాధాన్య స్థాయులే చాలు. సమయం తప్పనివ్వని ఆదేశాలు పైన, కెమెరా ప్రవాహాలు వాటి కింద, డయాగ్నోస్టిక్స్, లాగులు అన్నిటికంటే కింద.

టీఎస్ఎన్, అంటే సందేశాలు సమయానికి చేరేలా చూసే ఈథర్నెట్ ప్రమాణాల కుటుంబంలో పనిముట్లు చాలా ఉన్నాయి. వీడియో ప్రవాహాన్ని సమంగా సాగదీసే క్యూఏవీ, కాలపట్టిక ప్రకారం గేట్లు తెరిచే క్యూబీవీ, పెద్ద ఫ్రేమును మధ్యలో ఆపి చిన్నదాన్ని పోనిచ్చే క్యూబీయూ. మొదటి రోజే కాలపట్టిక పెట్టవద్దని నా సలహా. ఒక్క ప్రవాహం మారినా పట్టిక అంతా మళ్లీ రాయాలి, గడియారం తప్పితే గేట్లూ తప్పుతాయి. ప్రాధాన్యాలతో మొదలుపెట్టండి, ఒక్కో ప్రవాహానికి గరిష్ఠ పరిమితి విధించండి, లెక్క నిజంగా డిమాండ్ చేసిన లింకు మీద మాత్రమే కాలపట్టిక తీసుకురండి.

ఇప్పుడు ఆరో అడుగుతో తగాదా వచ్చే చోటికి వద్దాం. కెమెరాలన్నిటికీ ఒకే క్షణంలో సింక్ ఇచ్చాం. అంటే నాలుగు ఈథర్నెట్ కెమెరాలూ తమ ఫ్రేములను ఒకే క్షణంలో పంపడం మొదలుపెడతాయి. కుదించిన ఒక పెద్ద చిత్రం 500 కిలోబైట్లు ఉంటే గిగాబిట్ లింకు మీద దానికి 4 మిల్లీసెకన్లు పడుతుంది. నాలుగు కెమెరాల ఫ్రేములు గిగాబిట్ పోర్టుల్లో వచ్చి ఒకే గిగాబిట్ పోర్టు గుండా బయటికి పోవాలంటే, మొదటి 4 మిల్లీసెకన్లలో 2 మెగాబైట్లు వచ్చిపడితే 500 కిలోబైట్లే బయటికి పోతాయి. మిగతా 1.5 మెగాబైట్లు స్విచ్ బఫర్‌లో నిలవాలి. బఫర్ అంత లేకపోతే ప్యాకెట్లు రాలిపోతాయి. సగటు భారం చూస్తే లింకు సగం ఖాళీగా కనిపిస్తుంది, అందుకే దీని కారణం అంత త్వరగా దొరకదు.

మందు రెండు రకాలు. కెమెరాలోనే ప్రవాహాన్ని 33 మిల్లీసెకన్ల పొడవునా సమంగా పరిచి పంపడం ఒకటి. దీనితో బఫర్ నిండదు గానీ చిత్రం వయసు పెరుగుతుంది. మనిషి చూసే కెమెరాలకు ఇది సరిపోతుంది. సింక్ క్షణాలను కెమెరాకు కెమెరాకు కొన్ని మిల్లీసెకన్లు జరపడం రెండోది. చిత్రాలు ఒకే క్షణానివి కావు, కానీ ఎంత తేడానో కచ్చితంగా తెలుసు. చుట్టూ చూపించే దృశ్యాన్ని కుట్టే సాఫ్ట్‌వేర్‌కు అతుకు దగ్గర కదిలే వస్తువులతో ఇబ్బంది వస్తుంది, గుర్తింపుకు రాదు. ఏది ఎంచుకోవాలన్నది మొదటి అడుగులో మీరు గీసిన పట్టికే చెబుతుంది.

8. ఆగిపోయిన చిత్రాన్ని పట్టుకునే ఏర్పాటు చేయండి

లింకు తెగితే అందరికీ తెలుస్తుంది. నల్ల తెర వస్తుంది, హెచ్చరిక వస్తుంది. అన్నిటికంటే ప్రమాదకరమైనది పాత ఫ్రేమే మళ్లీ మళ్లీ అందడం. పిక్సెళ్లు బాగుంటాయి, సీఆర్‌సీ (డేటా చెడలేదని చూసే లెక్క) సరిపోతుంది, సెకనుకు 30 ఫ్రేములు క్రమంగా వస్తుంటాయి. రోడ్డు ఖాళీగా ఉందని ఆ చిత్రం చెబుతూనే ఉంటుంది. బఫర్ సూచిక చిక్కుకుపోయినా, డ్రైవర్ సాఫ్ట్‌వేర్ తడబడినా ఇలా జరుగుతుంది.

చాలా సెన్సార్లు చిత్రంతో పాటు అదనపు వరుసల్లో ఫ్రేము సంఖ్య, ఎక్స్‌పోజర్, ఉష్ణోగ్రత పంపుతాయి. ఆ వరుసలను పారేయకండి. ఫ్రేము సంఖ్య ఒక్కొక్కటిగా పెరుగుతోందా అన్నది గుర్తింపు మొదలయ్యే ముందు, అదే మెమరీ నుంచి చదివి తనిఖీ చేయండి. రిసీవర్ దగ్గర చేసిన తనిఖీ ఆ తర్వాత దశలో జరిగే చిక్కును పట్టదు. బస్సు మీద పోయే వస్తువుల జాబితాకూ ఇదే పద్ధతి. వరుస సంఖ్య, సీఆర్‌సీ, గడువు, ఈ మూడూ పంపే అప్లికేషన్ నుంచి అందుకునే అప్లికేషన్ దాకా ఉండాలి. వాహన భద్రతా ప్రమాణం ఐఎస్ఓ 26262 చెప్పే సందేశ దోషాల్లో పునరావృతం, నష్టం, ఆలస్యం, క్రమం తప్పడం, చెడిపోవడం లాంటివన్నీ ఈ మూడింటితో పట్టుబడతాయి. జాబితాలో చిత్రం తీసిన సమయం కూడా ఉండాలి. సందేశం పంపిన సమయం రాసి సరిపెట్టకండి.

భద్రత గురించి ఒక్క మాట. పక్క అద్దంలోని ఈథర్నెట్ కెమెరా కేబుల్ వాహనం బయటి అంచున ఉన్న నెట్‌వర్క్ పోర్టు. కెమెరా ఊడదీసి అక్కడ వేరే పరికరం తగిలిస్తే లోపలికి దారి దొరకకూడదు. ఆ పోర్టుకు ప్రత్యేక వీల్యాన్, అనుమతించిన అడ్రసుల జాబితా, వీలైతే మ్యాక్‌సెక్ (లింకు మీది డేటాకు గుప్తీకరణ) పెట్టండి.

9. మేలుకునే కాలాన్ని లెక్కించండి

100బేస్-టీ1 లింకు సాధారణంగా 100 మిల్లీసెకన్లలోపు లేస్తుంది. రెండు చివరల్లో ఒకటి మాస్టర్, మరొకటి స్లేవ్‌గా ముందే నిర్ణయించి ఉండాలి. రెండూ ఒకే పాత్రలో ఉంటే లింకు ఎప్పటికీ లేవదు. కొత్త బోర్డు మీద లింకు రావట్లేదంటే కేబుల్ మార్చేముందు ఇది చూడండి.

కాలం ఎక్కువగా పోయేది కెమెరా రిజిస్టర్లు నింపడంలో. ఒక సెన్సార్‌కు 1,500 రిజిస్టర్లు రాయాలనుకోండి. ఒక్కో రాతకు పరికరం అడ్రసు, రెండు బైట్ల రిజిస్టర్ అడ్రసు, ఒక బైటు విలువ, మొత్తం సుమారు 38 బిట్లు. 400 కిలోహెర్ట్జ్‌ల ఐ2సీ మీద 95 మైక్రోసెకన్లు. 1,500 రాతలకు 140 మిల్లీసెకన్లకు పైనే. నాలుగు కెమెరాలను ఒకదాని తర్వాత ఒకటి నింపితే 570 మిల్లీసెకన్లు. వెనుక దృశ్యానికి ఉన్న 2 సెకన్లలో నాలుగో వంతు కంటే ఎక్కువ ఇక్కడే పోతుంది. నాలుగు కెమెరాలకూ ఒకే విలువలైతే ఒకే మారు అడ్రసుతో అందరికీ ఒక్కసారే రాయండి, ఆ తర్వాత ఒక్కో కెమెరా నుంచి కీలకమైన విలువలు చదివి సరిచూసుకోండి. వరుస రిజిస్టర్లకు అడ్రసు ఒక్కసారి పంపి విలువలు మాత్రం ధారగా పంపినా కాలం బాగా తగ్గుతుంది. వెనుక కెమెరాను అన్నిటికంటే ముందు లేపండి.

10. కొలవండి, పాడుచేసి చూడండి, అంకెలు దాచండి

చిత్రం వయసును బయటి నుంచి కొలవండి. కెమెరా ఎదురుగా ఒక ఎల్ఈడీ పెట్టి, అది వెలిగిన క్షణాన్నీ, దాని ఫలితం బస్సు మీద కనిపించిన క్షణాన్నీ ఒకే పరికరంతో పట్టండి. వెలిగే సమయాలు కెమెరా ఫ్రేములతో లయ కలవకూడదు, యాదృచ్ఛికంగా ఉండాలి. లేకపోతే ఎదురుచూపు కాలాలు బయటపడవు. వేల కొలతలు తీసుకుని సగటుతో పాటు అతి పెద్ద విలువను చూడండి. అది రెండో అడుగులో వేసిన బడ్జెట్ దాటితే, ఏ దశలో దాటిందో సమయం ముద్రలు చెబుతాయి. ఈథర్నెట్ ప్యాకెట్లను పట్టేటప్పుడు స్విచ్‌లోని మిర్రర్ పోర్టు సమయాలను నమ్మకండి, అక్కడ కూడా క్యూ ఉంటుంది. లింకు మధ్యలో ట్యాప్ పెట్టండి.

తర్వాత కావాలని పాడుచేయండి. కేబుల్ పీకండి. ఫ్రేమును ఆపేయండి. ఒక ప్రవాహాన్ని 50 మిల్లీసెకన్లు ఆలస్యం చేయండి. గడియారం మాస్టర్‌ను తీసేయండి. ఇంజిన్ స్టార్ట్ అయ్యేటప్పుడు బ్యాటరీ వోల్టేజీ పడిపోయే తీరును సరఫరా మీద ఆడించండి. అతి చలిలో, అతి వేడిలో మళ్లీ ఇవన్నీ చేయండి. ప్రతిదానికీ వ్యవస్థ ఎంతసేపట్లో గుర్తించింది, డ్రైవర్‌కు ఏం చెప్పింది, లింకు తిరిగి వచ్చాక తనంతట తాను కోలుకుందా అన్న మూడు జవాబులు రాయండి.

చివరగా, ఫ్యాక్టరీ నుంచి బయటికి వెళ్లే ప్రతి వాహనంలోనూ లింకుల ఆరోగ్యం అంకెల్లో నమోదు కావాలి. ఈథర్నెట్ ఫై చిప్పులు సిగ్నల్ నాణ్యత సూచిక ఇస్తాయి. సెర్డెస్ చిప్పులు చాలావరకు కంటి పటం (సిగ్నల్ ఎంత స్పష్టంగా ఉందో చూపే పటం) వెడల్పు, దోషాల లెక్క ఇస్తాయి. మొదటి రోజు విలువలు వాహనంలోనే దాచి, నడిచే ప్రతిసారీ పోల్చి, నిర్ణీత హద్దు కిందికి జారితే డయాగ్నోస్టిక్ కోడు పెట్టేలా చేయండి. ఆ కోడు ఏ కెమెరా, ఏ పోర్టు, అప్పటి ఉష్ణోగ్రత ఎంత అన్నవి చెప్పాలి. అప్పుడు సర్వీసులో పనిచేసేవాళ్లు మంచి కెమెరాను అనవసరంగా మార్చకుండా, డిక్కీ తలుపు దగ్గర నలిగిన కేబుల్‌నే మారుస్తారు.